కుటుంబ నియంత్రణ గది: మందు ఉచితమే, వివరం మాత్రం అడిగి రాబట్టుకోవాలి

విజయనగరం చుట్టుపక్కల ఉంటూ, ఒక కాన్పు అయిపోయి, రెండోది ఇప్పుడప్పుడే వద్దనుకుంటున్న ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇద్దరు పిల్లలు పుట్టేసి ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా అక్కర్లేదు, వాళ్లని ఆసుపత్రే పిలిచి మంచం చూపిస్తుంది. మధ్యలో ఉన్నవాళ్లమే ఎవరి కంటికీ ఆనం.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం మార్కులు ముందే చెప్పేస్తాను. కడుపు రాకుండా 3 నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్‌కి 5కి 4. అదే పనికి వారం లెక్కన మింగే ఛాయ మాత్రలకి కూడా 4. మా ఊరి క్లినిక్‌లో ఏఎన్ఎంకి, అంటే టీకాలు వేసే నర్సమ్మకి, 5కి 5, ఇంకా ఉంటే ఇంకా ఇచ్చేదాన్ని. టౌన్‌లో పెద్దాసుపత్రిలో కుటుంబ నియంత్రణ గది నడిచే పద్ధతికి మాత్రం 2, అది కూడా ఎవరూ డబ్బులు అడగలేదు కాబట్టి. ఆసుపత్రి పేరు రాయడం లేదు. శ్రీకాకుళంలో ఉండే మా తోడికోడలు చెప్పినదాన్నిబట్టి చూస్తే ఇది ఒక్క చోట ఉన్న జబ్బు కాదు, పేరు పెడితే మిగతావాళ్లు మాది కాదులే అని ఊరుకుంటారు.

పాప పుట్టిన మర్నాడు, కుట్లు సలుపుతుంటే, పాప పాలు పట్టక గుక్కపట్టి ఏడుస్తుంటే, ఒకావిడ రిజిస్టరు పట్టుకుని మంచం దగ్గరికొచ్చింది. ఇంకా పిల్లలు కావాలా అంది. కావాలండీ, ఇప్పుడే కాదు అన్నాను. మరి ఈలోపు ఏదైనా వాడతావా అంది. వాడతానండీ అన్నాను. టిక్కు పెట్టుకుని పక్క మంచానికి వెళ్లిపోయింది. ఏం వాడతావు, ఎప్పట్నుంచి, ఎక్కడికొచ్చి తీసుకుంటావు, ఈ మూడూ అడగలేదు. ఆమెని ఆపి నిలదీసే ఓపిక నాకు మాత్రం అప్పుడెక్కడుంది?

ఆ వేళకి నాకు తెలిసి ఉండాల్సిన విషయం ఒకటుంది. కాన్పయిన 48 గంటల్లోపు, కడుపు రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్ టీ వేయొచ్చు, అది దాటితే మళ్లీ 6 వారాలు ఆగాలి. ఇది కాన్పు బల్ల మీద చెప్పే విషయం కాదు, అక్కడ చెప్తే ఎవరి బుర్రకీ ఎక్కదు, నొప్పుల్లో ఉన్న మనిషి చేత ఊ అనిపించుకుంటే అది ఒప్పుకోవడమూ కాదు. నెలనెలా 9వ తేదీన గర్భిణులకి ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు కదా, బీపీ చూస్తారు, రక్తం తీస్తారు, స్కానింగ్‌కి రాస్తారు, మిగతా సమయమంతా బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ కూర్చున్నంతసేపట్లో ఒక్కసారి ఎవరైనా చెప్పి ఉంటే ఇంటికెళ్లి మా ఆయనతో మాట్లాడుకుని, మా అమ్మ భయాలేవో విని, ఏదో ఒకటి తేల్చుకుని వచ్చేదాన్ని. అన్ని నెలలు తిరిగినా బొప్పాయి తినొద్దని చెప్పినవాళ్లే గానీ ఈ ముక్క చెప్పినవాళ్లు లేరు.

ఈ 'వాడతానండీ' అనే మాట మీద లోకంలో పెద్ద పరిశోధనే జరిగిందని తర్వాత చదివితే తెలిసింది. మొరాకోలో 1992లో ఆడవాళ్లని సర్వే చేసి, 1995లో అందులో కొంతమందిని వెతికి పట్టుకుని మళ్లీ అడిగారు. మొదటిసారి వాడతాం అన్నవాళ్లు, వాడం అన్నవాళ్లకంటే ఎక్కువగానే ఆ తర్వాత నిజంగా వాడారు. అంటే మంచం మీద నేనన్న మాట ఉత్తుత్తి మాటేం కాదు, దాన్ని నమ్మి పని మొదలుపెట్టొచ్చు. అలాగని వాడతాం అన్న ప్రతివాళ్లూ వాడలేదు. మాటకీ మందుకీ మధ్య ఎన్ని జరుగుతాయో నాకిప్పుడు బాగా తెలుసు: స్టాకు ఉండదు, బస్సు దొరకదు, అత్తగారు ఏదో అంటారు, మొదటి నెల రక్తం ఎక్కువ పోతుంది. రిజిస్టరులో టిక్కు మాత్రం అలాగే ఉంటుంది.

ప్రభుత్వం లెక్కలు చూస్తే మన రాష్ట్రానికి ఏ లోటూ లేదనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పిల్లలు వద్దనుకుంటూ, లేదా ఆగుదామనుకుంటూ, ఏమీ వాడని పెళ్లయిన ఆడవాళ్లు దేశం మొత్తం మీద 9.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 5 శాతం లోపే. బాగుంది కదా. కానీ అదే సర్వేలో ఇంకో వరస చూడండి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద అది 38 శాతం. మన దగ్గర మాత్రలు, కాపర్ టీ, కండోమ్‌లు, ఇంజెక్షన్లు అన్నీ కలిపినా ఒకటి రెండు శాతం దాటవు. అంటే మన దగ్గర నడుస్తున్న పద్ధతి ఏమిటంటే, పెళ్లి, వెంటనే ఒకరు, ఆ వెంటనే ఇంకొకరు, తర్వాత ఆపరేషన్. పాతికేళ్లకే అన్నీ అయిపోతాయి. మా వీధిలో నా ఈడు వాళ్లని చూసినా అంతే. ఎడం పెట్టుకుందాం అనుకునేదానికి ఈ బండిలో సీటు లేదు.

ఆ లెక్క కట్టే తీరు కూడా చిత్రంగా ఉంటుంది. కాన్పయి ఇంకా నెలసరి రాని బాలింతని, పుట్టిన బిడ్డ అప్పుడు కావాలనుకుని కన్న బిడ్డేనా అని అడుగుతారు. అవునంటే ఆమెకి ప్రస్తుతానికి అవసరం లేదు అనే ఖాతాలో వేస్తారు, కాన్పయిన 2 ఏళ్ల వరకూ ఇదే లెక్క. మా పాప పూజలు చేసి, డాక్టర్ల చుట్టూ తిరిగి కన్న పాప. నెలసరి ఏడో నెలదాకా రాలేదు. కాబట్టి సర్వేవాళ్లు ఆ రోజుల్లో మా ఇంటికొచ్చి ఉంటే నాకు ఏ అవసరమూ లేదని రాసుకుని వెళ్లేవాళ్లు. నాకేమో రాత్రిళ్లు ఒకటే టెన్షన్. నెలసరి రాకముందే అండం విడుదలవుతుంది, అందుకే ఒక్కసారి కూడా బయట ఉండకుండానే మళ్లీ కడుపొచ్చినవాళ్లు ఊరికొకరైనా ఉంటారు. పాలిస్తున్నాం కదా ఏం కాదులే అంటారు పెద్దవాళ్లు. అది నిజమే, కానీ మూడు షరతులున్నాయి. బిడ్డకి 6 నెలలు నిండకూడదు, నెలసరి తిరిగి మొదలవకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టకూడదు. మూడూ ఉంటే బాగానే పనిచేస్తుంది. మా ఇంట్లో మూడో నెలలోనే పాపకి తేనె నాకించిన పెద్దమ్మ ఉంది, ఇంక ఆ లెక్క ఎక్కడ నిలబడుతుంది?

సరే, అసలు సంగతికి వస్తాను. అంతర ఇంజెక్షన్.

3 నెలలకోసారి వేస్తారు, చేతికో తుంటికో. ఇది 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్న మందు. పాలిచ్చే తల్లులకి కాన్పయిన 6 వారాల తర్వాత నుంచి వేయొచ్చు, పాలు తగ్గవు. మొదటి డోసుకి డాక్టర్ చూసి, బీపీ చూసి రాయాలి, తర్వాత డోసులు ఏఎన్ఎం కూడా వేస్తారు. వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. రుద్దితే మందు త్వరగా ఒంట్లో కలిసిపోయి 3 నెలలు పనిచేయదు. నాకు వేశాక అలవాటు కొద్దీ దూదితో రుద్దబోతే పక్కనున్న ఆయా ఆపింది, సూది వేసిన ఆవిడ అప్పటికే ఫోన్ ఎత్తింది.

ఆ గదిలో మొదట జరిగింది ఇదీ. మీ ఆయన రాలేదా, సంతకం పెట్టాలి, రేపు తీసుకురా అన్నారు. మా ఆయన విశాఖలో పని చేస్తారు, వారానికోసారి వస్తారు. ఇంజెక్షన్‌కి మొగుడి సంతకం కావాలని ఏ రూలూ లేదు. ఆపరేషన్‌కే అక్కర్లేదు, ఆడమనిషి ఒప్పుకుంటే చాలు, మరి సూదికెందుకు? ఈ మాట నేను గట్టిగా అడిగాను కాబట్టి సరే సరే అని వేశారు. నా వెనక నిలబడ్డ అమ్మాయికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు, ఒళ్లో పసిబిడ్డ, సంతకం మాట వినగానే ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆమె ఉద్దేశం అక్కడికి నడిచొచ్చేంత గట్టిది. ఒక్క తప్పుడు మాట దాన్ని వెనక్కి పంపేసింది. నేను 2 మార్కులు వేసింది ఇందుకే.

ఇంకోటి, దేని వల్ల ఏం జరుగుతుందో చెప్పకపోవడం. అంతర వేసుకున్నాక మొదటి నెలల్లో నెలసరి గాడి తప్పుతుంది. కొందరికి చుక్కచుక్కగా పదిహేను రోజులు కనిపిస్తూనే ఉంటుంది, కొందరికి ఎక్కువ పోతుంది, కొన్నాళ్లకి చాలామందికి పూర్తిగా ఆగిపోతుంది. ఆగిపోతే చెడు రక్తం లోపల పేరుకుపోతోందని కాదు, మందు పనిచేస్తున్నప్పుడు గర్భసంచిలో పొర మందంగా ఏర్పడదు, పోవడానికి ఏమీ ఉండదు, అంతే. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి నిమిషం పట్టదు. నాకు చెప్పలేదు. మూడో వారంలో మొదలై ఆగలేదు, మా అత్తగారు చూసి, "ఏటమ్మా, ఆ సూది ఏసుకున్న కాడ్నుంచి నీ ఒంట్లో బాగునేదు, ఇంక ఎల్లకు" అన్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు, నా ముఖం పాలిపోయింది చూసి కంగారుపడ్డారు. ఆ రోజుల్లో ఏ సర్వేవాళ్లైనా వచ్చి ఇకముందు వాడతావా అనడిగితే వాడను అనే చెప్పేదాన్ని. అంతకుముందు వాడతాను అన్నది నేనే, ఇప్పుడు వాడను అనేదీ నేనే. మనసు మారింది నిజమే గానీ, మార్చింది నాకు చెప్పకుండా దాచిన ఆ నిమిషం.

అమెరికాలోని గట్‌మాకర్ ఇన్‌స్టిట్యూట్ 2016లో 52 దేశాల సర్వేలు ముందేసుకుని, పిల్లలు వద్దనుకుంటూ కూడా ఏమీ వాడని పెళ్లయిన ఆడవాళ్లు ఎందుకు వాడటం లేదో చూసింది. దుష్ప్రభావాల భయం అన్నవాళ్లు 26 శాతం. మందు దొరక్క కాదు, ఒంటికి ఏమవుతుందోనని. మా వీధిలో అడిగినా ఇదే చెప్తారు. సూది వేసుకుంటే లావైపోతారట, కాపర్ టీ గుండెల్లోకి ఎగబాకుతుందట, మాత్రలు మింగితే మళ్లీ పిల్లలు పుట్టరట. నవ్వొచ్చే భయాలు కావివి, ఎవరూ తీర్చని భయాలు. కాపర్ టీ గర్భసంచిలోనే ఉంటుంది, ఒక రకం 5 ఏళ్లు, ఇంకోటి 10 ఏళ్లు పనిచేస్తాయి, కావాలన్నప్పుడు తీయించుకోవచ్చు. అంతరతో కొందరికి బరువు పెరిగే మాట మాత్రం నిజమే. నాకు కొంచెం పెరిగింది, దానికి సూది కారణమో మా అమ్మ పెట్టిన నెయ్యి కారణమో తేల్చుకోలేను.

ఇక రెండో డోసు. కార్డు మీద రాసిన తేదీకి వెళ్తే స్టాకు లేదు, వచ్చేవారం రా అన్నారు. వచ్చేవారం వెళ్తే ఇంజెక్షన్ వేసే ఆవిడ సెలవు. ఇలాంటి చోటే చాలామంది మానేస్తారు, మానేశామని కూడా అనుకోరు, వెళ్దాంలే వెళ్దాంలే అంటూ రోజులు గడిచిపోతాయి. ఉద్దేశానికి ఏ లోటూ లేదు, సూదే లేదు. నన్ను కాపాడింది మా ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఏఎన్ఎం. పాపకి టీకా వేయించడానికి వెళ్తే ఆవిడే కార్డు చూసి, "నీకు డేటు దాటింది కదమ్మా, కంగారు పడకు, 4 వారాల దాకా ఆలస్యమైనా వేయొచ్చు" అంది. ఈ సంగతి అప్పటిదాకా నాకు తెలీదు. చెప్పిన తేదీకి 2 వారాలు ముందు గానీ, 4 వారాలు తర్వాత గానీ వేయించుకోవచ్చు. అది కూడా దాటితే కడుపు లేదని పరీక్ష చేసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. పెద్దాసుపత్రిలో ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను ఆ వారమంతా లెక్కలు వేసుకుంటూ కూర్చునేదాన్ని కాదు.

ఆవిడ చేసింది ఇంకొకటి ఉంది. మూడో డోసు దగ్గరపడ్డాక ఫోన్ చేసింది. "అమ్మా, స్టాకు వచ్చింది, బుధవారం టీకాల రోజుకి పాపని ఎలాగూ తెస్తావు కదా, నువ్వూ వేయించేసుకో" అని. పాప టీకా, నా సూది, ఒకే ఆటో ఖర్చు. పెద్ద పెద్ద పథకాలు ఎన్నో ఉన్నాయి గానీ నా వరకు మాటని మందు దాకా తెచ్చింది ఆ ఫోనే. రక్తం సంగతి కూడా ఆవిడే వివరంగా చెప్పి, మా అత్తగారిని కూర్చోబెట్టి ఆవిడకీ చెప్పింది. ఇప్పుడు మా అత్తగారే, "సూది డేటు ఎప్పుడే?" అని గుర్తు చేస్తున్నారు.

అంతరకి 1 మార్కు ఎందుకు కోశానో చెప్పాలి. ఆపేసిన వెంటనే కడుపు రాదు. చివరి డోసు తర్వాత సాధారణంగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. పిల్లలు పుట్టకుండా పోవడం ఉండదు, ఆలస్యం మాత్రమే. వచ్చే ఏడాదే రెండోది కావాలనుకునేవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోవాలి, లేకపోతే ఆర్నెల్లు ఆగి, ఏమైపోయిందో అని ప్రైవేటు డాక్టర్ల చుట్టూ తిరిగి డబ్బులు తగలేస్తారు.

ఛాయ నేను వాడలేదు, మా తోడికోడలు వాడుతోంది, ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఇందులో హార్మోన్ లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మందు, 1991 నుంచి సహేలీ పేరుతో మందుల షాపుల్లో ఉంది, 2017 నుంచి ఛాయ పేరుతో ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. పాలిచ్చేవాళ్లు వాడొచ్చు. మొదటి 3 నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. నెలసరి మొదలైన రోజు మొదటి మాత్ర, అది ఆదివారమైతే రెండోది బుధవారం, ఇలా 3 నెలలు, తర్వాత ఆదివారం ఒక్కటే. మా తోడికోడలికి ఆదివారమే పడింది. శ్రీకాకుళం మనిషికి ఆదివారం మర్చిపోవడం కుదరదు, ఇంట్లో ఎవరో ఒకరు అరసవల్లి బయల్దేరుతూనే ఉంటారు. రోజూ మింగాల్సిన మాల ఎన్ కన్నా ఇది నయమంటుంది. మాల ఎన్ పాలిచ్చేవాళ్లు మొదటి 6 నెలలు వాడకూడదు కూడా.

ఛాయతో నెలసరి ఆలస్యంగా వస్తుంది, కొందరికి నెలన్నరకోసారి. 15 రోజులు మించి ఆలస్యమైతే పరీక్ష చేసుకోవాలి. ఒక మాత్ర మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, 7 రోజులు దాటిపోతే మళ్లీ మొదట్నుంచి వారానికి రెండు. పీసీఓడీ ఉన్నవాళ్లకి ఇది పడదు, ఇచ్చేముందు అడగాలి. మా తోడికోడలిని అడగలేదట, ఆమే చెప్పింది లేదని. ఆమెకి మొదట ఆశా కార్యకర్త ఇచ్చింది ఒక్క మాత్రల స్ట్రిప్పు. స్ట్రిప్పులో 8 మాత్రలు, వారానికి రెండు చొప్పున నెలకే అయిపోతాయి. అయిపోయాక ఆశా కనిపించలేదు, మా మరిది మందుల షాపులో సహేలీ కొనుక్కొచ్చాడు. అందుకే మార్కు తగ్గించాను, ఆ తప్పు మాత్రది కాదని ఆమె వాదించినా.

పక్కింట్లో అద్దెకుండే అమ్మాయిది భోగాపురం వైపు, సముద్రపు ఒడ్డు ఊరు. భర్త గుజరాత్‌లో వెరావల్ బోట్లకి వెళ్తాడు, నెలల తరబడి ఉండడు. నీకేమైనా కావాలా అని ఆశా అడిగితే, "ఆయనే నేడు కదప్పా, నాకెందుకు" అంది. రిజిస్టరు లెక్కలో ఆమె, అవసరం ఉండి వాడననే మనిషి. నిజానికి ఆమె అన్నది సబబే. గట్‌మాకర్ వాళ్ల లెక్కలోనూ భర్తతో కలయిక అరుదు కాబట్టి వాడటం లేదన్నవాళ్లు 24 శాతం. కానీ ఆయన వచ్చే కబురు వారం ముందు తెలుస్తుంది, అప్పుడు ఆమెకి కావాలి, ఆ వారంలో ఆశా రాదు, ఎందుకంటే ఈమె వద్దంది అని రాసుంది. ఇలాంటి ఇళ్లు మన తీరంలో ఎన్నున్నాయో అందరికీ తెలుసు. వద్దు అని రాసేముందు, మీ ఆయన ఎప్పుడొస్తాడు అని అడిగితే సరిపోతుంది. అంతరని నెలసరి మొదలైన 7 రోజుల్లోపు వేసుకుంటే వెంటనే పనిచేస్తుంది, ఆ తర్వాత వేసుకుంటే ఓ వారం కండోమ్ కూడా వాడాలి. ఇది తెలిశాక ఆ అమ్మాయి ఈసారి ఆయన రాకముందే వెళ్లి వేయించుకుంది. ముందు వద్దన్న మనిషే.

కండోమ్‌ల గురించి. ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే నిరోధ్ పెట్టె ఉంది, బాగానే ఉంది, కానీ దాన్ని ఓపీ చీటీల కిటికీ పక్కన, వందమంది కూర్చునే చోట తగిలించారు. ఏ మగాడు లేచెళ్లి తీసుకుంటాడు? మగవాళ్ల బాత్రూం దగ్గర పెట్టమని కాగితం మీద రాసి పెట్టెలో వేశాను. మగవాళ్లకి చేసే ఆపరేషన్, వేసెక్టమీ సంగతి అసలు ఎత్తనే ఎత్తరు. కోత, కుట్లు లేకుండా చేస్తారు, అదే రోజు ఇంటికి రావొచ్చు, 3 నెలలు మాత్రం కండోమ్ వాడి, పరీక్ష చేయించుకోవాలి. మన రాష్ట్రంలో చేయించుకున్న మగవాళ్ల వాటా 1 శాతం కూడా లేదు. మా ఆయనతో అంటే టీవీ సౌండు పెంచారు.

మందుల షాపులో ఎమర్జెన్సీ మాత్ర గురించి ఒక్క మాట. ఏ జాగ్రత్తా లేకుండా కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత ముందు వేసుకుంటే అంత మంచిది. నెలకి రెండు మూడు సార్లు ఇదే వాడేస్తున్నవాళ్లు తెలుసు నాకు, అలా వాడేది కాదది. షాపులో కుర్రాడు ఏమీ అడక్కుండా ఇచ్చేస్తాడు, అందుకే అందరూ అక్కడికే వెళ్తారు. గౌరవంగా, సంతకాలు అడక్కుండా ఇచ్చే చోటికే జనం పోతారు, ఇది ప్రభుత్వ గదిలో కూర్చునేవాళ్లు గమనించాలి.

ఈ మధ్య నాయకులు ఎక్కువమందిని కనమంటున్నారు, ఇద్దరికి మించి ఉంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదనే నిబంధనని 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. ఎక్కువ తక్కువల సంగతి వాళ్లకే వదిలేశాను. నాకు కావాల్సింది ఎప్పుడు అనేది, అది నేను చెప్పాలి.

వెళ్లేవాళ్లకి: పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం దాటితే ఆ గది తాళం వేసి ఉండొచ్చు. మొదటిసారికి డాక్టర్ చూడాలి కాబట్టి ఓపీ చీటీ తీసుకునే లోపలికెళ్లండి. రక్తం సంగతి, తేదీ దాటితే ఏం చేయాలి, ఆపేస్తే ఎన్నాళ్లకి కడుపొస్తుంది, ఈ మూడూ మీరే అడగండి, చెప్పేదాకా లేవకండి. స్టాకు లేదంటే ఎప్పుడొస్తుందో అడిగి, మీ ఊరి ఏఎన్ఎం ఫోన్ నంబరు తీసుకోండి. తేదీ సంక్రాంతి సెలవుల్లో పడేటట్టుంటే 2 వారాలు ముందే వేయించుకోవచ్చు కాబట్టి పుట్టింటికి బయల్దేరకముందే ఆ పని చూసుకోండి. అంతర కార్డుని పాప టీకాల కార్డుతో కలిపి ఒకే కవర్లో పెట్టుకోండి, వేరే ఊళ్లో ఉన్నా అక్కడి ఏఎన్ఎం ఆ కార్డు చూసే తర్వాతి డోసు వేస్తుంది.